మూత తెరిచే ఉంది

ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో నేను ఒకే ఒక్కసారి ఒక మనిషిని తప్పుపడుతూ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. తీరా చూస్తే ఆ తప్పు నాది. కంప్యూటర్లు, నెట్‌వర్కులు బాగుచేసే పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలకి ఈ సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. చదివి హాయిగా నవ్వుకోవచ్చు. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను పనిచేసింది భిలాయి పక్కన ఒక ఉక్కు పోతల ఫ్యాక్టరీలో. ఉక్కు కరిగించి అచ్చుల్లో పోసి, రైలు వ్యాగన్లకు కావలసిన బరువైన భాగాలు అక్కడ తయారు చేసేవారు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటు పనికి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, మీటర్లు బాగుచేసే మనిషిగా ఆ ఫ్యాక్టరీలో చేరాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. "దీదీకి వైర్ల సంగతి తెలుసు కదా" అని వాటిని కూడా నాకే అంటగట్టారు. కొన్నేళ్లకి వైర్లు లేని నెట్‌వర్క్ వచ్చింది. అప్పుడూ అదే మాట అన్నారు.

క్వాలిటీ సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్యాక్టరీ అంతా ఆయన్ని పెద్దన్న అనేది. హిందీవాళ్లు కూడా అది ఆయన పేరనుకుని "పెద్దన్నజీ" అనేవారు. పోత లోపల పగులు ఉందో లేదో చూడటం ఆయన పని. దానికి ఒక పరీక్ష మిషను ఉంది. పైన జిగురు రాసి, దాని ముక్కు ఆనిస్తే లోపలి సంగతి తెర మీద గీతలుగా కనిపిస్తుంది. పెద్దన్నకి ఆ మిషను మీద గౌరవమే గాని, ముందుగా చిన్న సుత్తితో పోతను ఒకసారి కొట్టి, తల వంచి వినేవాడు. "ఇది బాగానే పలికింది" అన్నాడంటే మిషను కూడా తర్వాత అదే చెప్పేది. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుండగా ఆయన ముందు ఒక లాప్‌టాప్ పెట్టారు. గీతలన్నీ అందులోకి వెళ్లాలి, అందులోంచి వైఫై మీద ఆఫీసుకి చేరాలి.

ఆ లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించింది నేనే. దాని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. ఈ రెండో సౌకర్యమే నా కొంప ముంచింది. మూత మూస్తే లాప్‌టాప్ నిద్రపోయేది, నిద్రపోతే పరీక్ష రికార్డు మధ్యలో ఆగేది. అందుకని మూత మూసినా నిద్రపోవద్దని మార్చాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మూసి సంచిలో పెట్టి ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి తీసుకెళ్తుంటే, లోపల వైఫై ఊరికే నెట్‌వర్క్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ అంతా తాగేసేది. దానికి నేను సొంతంగా నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాశాను. మూత మూస్తే వైఫై ఆగుతుంది, తెరిస్తే మళ్లీ వస్తుంది. నా జన్మలో రాసిన మొదటి ప్రోగ్రామ్ అది. ఇంట్లో మా ఆయనకి కూడా చదివి వినిపించాను. "బాగుంది" అన్నాడు పాపం, పేపర్లోంచి తల ఎత్తకుండా.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత వైఫై తెగడం మొదలైంది. ఉన్నట్టుండి పోయేది, అర నిమిషానికో నిమిషానికో మళ్లీ వచ్చేది. పంపుతున్న రిపోర్టు మధ్యలో తెగిపోయేది, మళ్లీ మొదటినుంచి పంపాలి. పెద్దన్న రోజుకి నాలుగైదుసార్లు నా గది గుమ్మం దగ్గర నిలబడి, "సెల్లెమ్మా, మల్లీ ఎల్లిపోయిందమ్మా" అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టం చెప్పకుండా వెళ్లిపోయినట్టు ఉండేది ఆ గొంతు.

నేను పుస్తకంలో ఉన్నవన్నీ చేశాను. వైఫై కార్డు కరెంటు పొదుపు చేసుకోకుండా ఆపాను. నెట్‌వర్క్ ఛానెల్ మార్చాను. సాఫ్ట్‌వేర్ అంతా కొత్తది ఎక్కించాను. దాంతో తెగుతూ ఉన్న వైఫై పూర్తిగా మాయమైంది. దాన్ని వెనక్కి తెచ్చే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉంది, ఇంటర్నెట్‌కి వెళ్లాలంటే వైఫై కావాలి. రెండు రోజులు నా ఫోన్‌ని కేబుల్‌తో దానికి కట్టి, ఆవుకి దూడని కట్టినట్టు పక్కనే కూర్చున్నాను. ఇంటర్నెట్ ఫోరంలో ప్రశ్న పెడితే ఒకాయన కార్డు మార్చమన్నాడు, ఇంకొకాయన మార్చొద్దన్నాడు. ఆ ఇద్దరూ ముప్పై జవాబుల దాకా ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. నన్ను మర్చిపోయారు.

తర్వాత చుట్టుపక్కల వస్తువుల మీద పడ్డాను. వెల్డింగ్ మిషన్ల వల్లేమో అని అరగంట వెల్డింగ్ ఆపించాను. వెల్డర్లు ఆ అరగంటా ఆనందంగా బీడీలు కాల్చుకుని, "దీదీ, రేపు కూడా చెక్ చెయ్యండి" అన్నారు. క్యాంటీన్ మైక్రోవేవ్ మీద నాకు గట్టి అనుమానం ఉండేది. దాన్ని ఆపిస్తే క్యాంటీన్ నడిపే ఛత్తీస్‌గఢీ ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది.

"మోర్ మసీన్ హ కా బిగాడిస్ దీదీ?" అంది. తన మిషను ఏం చెడగొట్టిందని అడుగుతోంది.

"రెండు రోజులు చూద్దాం" అన్నాను.

రెండు రోజులు చల్లటి సమోసాలు తిన్న షిఫ్ట్ మొత్తం నావైపు చూసిన చూపులు ఇప్పటికీ గుర్తున్నాయి. వైఫై మాత్రం ఎప్పటిలాగే తెగింది.

అప్పుడు ఎవరో లాప్‌టాప్ మూతకి నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారంతో కట్టారు. నేను చూసి కోప్పడ్డాను గాని, విచిత్రం, ఆ మర్నాడూ ఆ పై రోజూ వైఫై ఒక్కసారి కూడా తెగలేదు. ఫ్యాక్టరీ అంతా నిమ్మకాయకి దండం పెట్టింది. నేను మాత్రం హాజరు పట్టీ చూశాను. ఆ రెండు రోజులూ పెద్దన్న సెలవులో ఉన్నాడు. మనవడి అన్నప్రాశన. ఆయన తిరిగి వచ్చాడు, వైఫై పోయింది.

అక్కడినుంచి సంగతి పాడైంది. ఆయన చేతిలో ఏదో ఉందని అందరూ అనడం మొదలుపెట్టారు. మొదట వేళాకోళం. "పెద్దన్నజీ, నా ఫోన్ ముట్టుకోకండి" అనేవారు. ఆయనా నవ్వేవాడు. తర్వాత ఒకాయన నిజంగానే ఫోన్ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన నవ్వలేదు.

శని హస్తాల మీద నాకు నమ్మకం లేదు. నాకు లాగ్ మీద నమ్మకం. లాప్‌టాప్ తనలో జరిగే ప్రతి పనినీ టైముతో సహా ఒక ఫైల్లో రాసుకుంటుంది, దాన్నే లాగ్ అంటారు. ఒక మధ్యాహ్నం కూర్చుని వేల లైన్లు చదివాను. దొరికింది. వైఫై తెగిన ప్రతిసారీ దానికి ముందు ఒకే లైన్ ఉంది: మూత మూయబడింది. వైఫై వచ్చిన ప్రతిసారీ: మూత తెరవబడింది. ఒక్కరోజులోనే ఇరవై ఆరుసార్లు.

నేను లేచి షెడ్డుకి వెళ్లాను. "అన్నయ్యా, మీరు మధ్యమధ్యలో మూత మూస్తున్నారా?"

"నానెందుకు మూస్తానమ్మా? మూసీసి ఎలాగ సూస్తాను?"

"దుమ్ము పడుతుందనో, ఎవరైనా పిలిచారనో..."

"నేదమ్మా. ఒట్టు."

పక్కనే అరగంట నిలబడి చూశాను. ఆయన బడిలో ఇన్‌స్పెక్టర్ ముందు కూర్చున్న పిల్లాడిలా రెండు చేతులూ కట్టుకుని, అవసరమైనప్పుడు కుడి చూపుడువేలు ఒక్కటే చాచి, ఒక అక్షరం నొక్కి, మళ్లీ కట్టుకున్నాడు. వైఫై నిక్షేపంలా ఉంది. నేను గదికి తిరిగొచ్చిన పది నిమిషాలకి తెగింది. లాగ్‌లో చూశాను. మూత మూయబడింది.

ఇంకేం కావాలి నాకు? ఒకవైపు ముప్పై ఏళ్లుగా ఎరిగిన మనిషి మాట, ఇంకోవైపు మిషను రాసిన లైను. నేను మెయింటెనెన్స్ రిజిస్టర్ తీసి, ఇంగ్లీషులో, మంచి దస్తూరీతో రాశాను: "యంత్రంలో దోషం లేదు. వాడే వ్యక్తి మూతను పదేపదే మూస్తున్నారు. చెప్పినా ఒప్పుకోవడం లేదు." కింద సంతకం.

మా మేనేజర్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. రిజిస్టర్ చదివి, ఒకటో తారీఖు నుంచి పెద్దన్నని సరుకు బయటికి వెళ్లే గేటు దగ్గరికి మార్చమని కాగితం టైపు చేయించాడు. అక్కడ లారీల నంబర్లు చూసి వదలడం తప్ప వేరే పని లేదు. ముప్పై అయిదేళ్లు ఉక్కు పలుకు విన్న మనిషికి చివరి ఆరు నెలలూ లారీ హారన్లు. ఆ సంగతి నాకు తెలిసింది. బాధ వేసింది. అయినా మిషను అబద్ధం ఆడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కాగితం ఆయన చేతికి ఇంకా ఇవ్వకముందే పెద్ద కొనుగోలుదారు తరఫు అధికారి తనిఖీకి వచ్చాడు. ఆయన ముందే ఇరవై పోతలు పరీక్ష చెయ్యాలి, ఆ గీతలు అప్పటికప్పుడు వాళ్ల ఊళ్లో ఆఫీసువాళ్లకి తెర మీద కనిపించాలి. అంతా వైఫై మీదే. మేనేజర్ ముందుజాగ్రత్తగా లాప్‌టాప్ ముందు ఇంకో ఇన్‌స్పెక్టర్‌ని కూర్చోబెట్టాడు. పెద్దన్న మిషను ముక్కు మాత్రం పట్టుకోవాలి. "లాప్‌టాప్ కో హాథ్ మత్ లగాయియే" అని అందరి ముందే చెప్పాడు, దాన్ని ముట్టుకోవద్దని. పెద్దన్న తలూపాడు.

పది పోతలు సాఫీగా అయ్యాయి. పదకొండో దాన్ని పెద్దన్న సుత్తితో కొట్టి, ఆగాడు. మళ్లీ కొట్టాడు. మిషను ముక్కు ఆనించి మెల్లగా జరిపాడు. తెర ముందు కూర్చున్న ఇన్‌స్పెక్టర్ "ఠీక్ హై" అన్నాడు.

"ఠీక్ నేదు" అన్నాడు పెద్దన్న, రెండు భాషలూ కలిపేసి. ముందుకి వంగి, ఎడమ చెయ్యి లాప్‌టాప్ మీద ఆనించి, కుడి వేలితో తెర మీద ఒక సన్నటి గీత చూపించాడు. "ఇదిగో, ఇక్కడ. లోపల పగులు."

వైఫై తెగింది.

అవతల ఆఫీసువాళ్ల గొంతు మధ్యలో ఆగిపోయింది. మేనేజర్ మొహం కందగడ్డలా అయింది. "మైనే మనా కియా థా నా!" అని అరిచాడు, ముట్టుకోవద్దన్నానా లేదా అని. పెద్దన్న చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. "నానేటి సేసినాను?" అన్నాడు చాలా మెల్లగా, ఎవరితోనూ కాకుండా.

నేను లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తి లాగ్ తెరిచాను. చివరి లైన్: మూత మూయబడింది. అదే నిమిషం. నేను తల ఎత్తి మూతవైపు చూశాను. అయిదుగురు మనుషుల మధ్య అది బార్లా తెరిచి ఉంది. మిషను నా కళ్లముందే అబద్ధం ఆడుతోంది. ఆ అబద్ధాన్నే నేను నమ్మి రిజిస్టర్లో ఎక్కించాను.

మేనేజర్ టీ విరామం ప్రకటించాడు. పెద్దన్న చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియకుండానే నేనూ వెనకే వెళ్లాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎడమ మణికట్టుకి రాగి రంగు కడియం ఒకటి ఉంది. దానికి గెడ్డం మొలిచింది. నిజంగానే. గ్రైండింగ్ షెడ్డులో గాలిలో తిరిగే ఇనుప రజను అంతా దానికి పట్టుకుని, నల్లటి పొట్టి వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని ఉంది.

"అన్నయ్యా, అదేమిటి?"

"ఇదా? కీళ్ల నొప్పులకని కోడలు కొన్నాది. ఆదివారం సంతలో. లోపల అయస్కాంతం ఉంటాదట." రజను తుడిచాడు. మళ్లీ అంటుకుంది. "నొప్పి తగ్గనేదు గాని, గుండుసూదులు పడిపోతే ఏరడానికి బావుంది."

"ఎప్పటినుంచి పెట్టుకుంటున్నారు?"

"నెల దాటీసింది."

లాప్‌టాప్‌కి మూత మూశారని ఎలా తెలుస్తుందో అప్పుడు గుర్తొచ్చింది నాకు. మూత అంచులో చిన్న అయస్కాంతం ఉంటుంది. కింది భాగంలో ఎడమ పక్క దాన్ని పసిగట్టే బిళ్ల ఉంటుంది. అయస్కాంతం దగ్గరికొస్తే మూత మూసినట్టే లెక్క. పెద్దన్న ఒక్క వేలితో టైపు చేస్తాడు. ఎవరూ చూడనప్పుడు ఎడమ చెయ్యి హాయిగా లాప్‌టాప్ ఎడమ అంచు మీద పెట్టుకుంటాడు. ఇక నా నాలుగు లైన్ల ప్రోగ్రామ్ చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. తెర ఆరదు, లాప్‌టాప్ నిద్రపోదు, ఎందుకంటే వద్దని చెప్పిందీ నేనే. వైఫై ఒక్కటే పోతుంది.

ఆ కడియం అడిగి తీసుకుని షెడ్డుకి వెళ్లాను. ఎడమ అంచు మీద పెట్టాను. వైఫై దీపం ఆరింది. తీశాను. కాసేపటికి వెలిగింది. పెట్టాను, ఆరింది. పక్కన ఎవరూ లేరు. అయిదుసార్లు చేశాను.

ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తాను. నా ప్రోగ్రామ్‌ని చెరిపెయ్యడానికి అర నిమిషం చాలు. చెరిపేసి, "నెట్‌వర్క్ సరిచేశాను" అంటే అందరూ భేష్ అంటారు. నా వేలు ఆ మీట దాకా వెళ్లింది కూడా. నేనూ రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషినే, ఇన్నేళ్ల నా పేరు బయటివాళ్ల ముందు ఎందుకు పోగొట్టుకోవాలి అనిపించింది. అప్పుడు టీ గ్లాసుతో అందరికీ దూరంగా, గోడ పక్కన ఒక్కడే నిలబడ్డ పెద్దన్న కనిపించాడు. ఎవరూ ఆయన దగ్గరికి వెళ్లడం లేదు. ఆయన కూడా ఎవరికీ, దేనికీ తగలకుండా మోచేతులు దగ్గరికి పెట్టుకుని తాగుతున్నాడు.

అందరూ తిరిగొచ్చాక నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఇందులో ఆయన తప్పు లేదు, తప్పు నేను రాసిన నాలుగు లైన్లలో ఉంది, మూత మూస్తున్నారని నేను రిజిస్టర్లో రాసింది కూడా తప్పే అన్నాను. కడియం పెట్టి చూపించాను. మేనేజర్ నావైపు చూసిన చూపుకి నా హిందీలో లింగభేదాలన్నీ తారుమారయ్యాయి.

తనిఖీ అధికారి మాత్రం కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కడియం తీసుకుని తనే పెట్టాడు. ఆరింది. తీశాడు. వెలిగింది. మళ్లీ పెట్టాడు. అంతవరకూ మొహంలో గీత కదలని మనిషి పగలబడి నవ్వాడు. తర్వాత గొంతు సర్దుకుని, "ఈ కడియం ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మకి మోకాళ్ల నొప్పులు" అని హిందీలో చాలా సీరియస్‌గా అడిగాడు.

నేను ప్రోగ్రామ్ తీసేశాను. మిగతా పోతలకి పెద్దన్నే లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పదకొండోదాన్ని పక్కనపెట్టి మళ్లీ నిదానంగా పరీక్షిస్తే ఆయన చూపించిన చోటే పగులు తేలింది. సొంత ఫ్యాక్టరీ సరుకుని కొన్నవాడి ముందే తప్పుపట్టిన మనిషి మీద ఆ అధికారికి గురి కుదిరింది. సాయంత్రం మేనేజర్ బదిలీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, పెద్దన్నతో, "కల్ సే ఆప్ హీ బైఠియే" అన్నాడు. రేపటినుంచి మీరే కూర్చోండని. క్షమాపణ చెప్పే అలవాటు ఆయనకి లేదు, అదే ఆయన క్షమాపణ.

నేను రిజిస్టర్ పట్టుకుని పెద్దన్న దగ్గరికి వెళ్లాను. ఆ పేజీ చింపేస్తానన్నాను.

"సింపకు" అన్నాడు. "కిందన రాయి."

ఆయన ముందే నిలబడి రాశాను. పై రాత తప్పు, లోపం నా ప్రోగ్రామ్‌లోది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదివి, సంతకం ఉందో లేదో చూసి, రిజిస్టర్ తిరిగిచ్చాడు.

"నన్నడిగినావు సెల్లెమ్మా. నేదని సెప్పినాను, ఒట్టు కూడా ఎట్టినాను. ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా నీతో అబద్దమాడినానేటి?"

రిజిస్టర్ తీసుకుని గదికి వచ్చేశాను. పిల్లలూ, లాగ్ చదవద్దని మీకు చెప్పను. నేను ఆ లైన్ చదవకపోతే ఆ బిళ్ల సంగతి నాకు ఎప్పటికీ తట్టేది కాదు. కానీ మిషను చెప్పిందీ, మనిషి చెప్పిందీ రెండూ నిజమే అయ్యే దారి ఒకటి ఉంటుందేమోనని వెతకాలి కదా? నాకు ఆ ఆలోచనే రాలేదు. మూత మూయలేదని ఆయన అన్నాడు, మూతపడిందని మిషను అంది. ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారని తేల్చేసి, నోరు లేనిదాని పక్షం చేరాను.

తర్వాత పదకొండు రోజులు ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. "సెల్లెమ్మా" పోయి "మేడమ్" వచ్చింది. ముప్పై ఏళ్లలో ఎవరూ నన్ను మేడమ్ అని అంత నొప్పి పుట్టేలా పిలవలేదు.

పన్నెండో రోజు శనివారం. సాయంత్రం నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మా ఇంట్లో వైఫై ఎలాగో ఉంది. రేపొకపాలి వచ్చి సూస్తావేటి?"

"ఎలా ఉంది? తెగుతోందా?"

"ఏటో మరి. నువ్వే సూడు."

మర్నాడు మరోదా కాలనీలో వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను. స్క్రూడ్రైవర్లు, రెండు కేబుళ్లు, ఒక పాత వైఫై కార్డు, సంచి నిండా తీసుకెళ్లాను. ముందుగదిలో టీవీ నడుస్తోంది. రూటర్ గోడ మీద పచ్చగా వెలుగుతోంది. నా ఫోన్ కలిపి చూశాను, నిండా సిగ్నల్. వంటింటి గుమ్మంలో చూశాను, పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర చూశాను. పెద్ద మనవడి చేతిలో ఫోన్లో బొమ్మలు ఆగకుండా ఆడుతున్నాయి. వంటింట్లోంచి నెత్తళ్ల చేపలు వేగుతున్న వాసన వస్తోంది. ఆయన భార్య పీటల ముందు మూడు కంచాలు పెడుతూ నన్ను చూసి నవ్వింది.

"అన్నయ్యా, ఇక్కడ పాడైందేమీ లేదు కదా" అన్నాను.

"పాడైతేనే వస్తావేటి సెల్లెమ్మా?" అన్నాడు పెద్దన్న. "కాళ్లు కడుక్కో. కూడు సల్లారిపోతాది."

సంచి గుమ్మం పక్కన పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.